ఇనుప కొంగ

గురువమ్మ గుడ్డకు కొబ్బరినూనె అద్ది కొంగ కాళ్లు తుడుస్తోంది. సముద్రపు ఉప్పుగాలికి ఒక్కరోజు వదిలేస్తే చాలు, ఇనుము ఎర్రబారుతుంది. పోర్టు తుక్కుతో బొమ్మలు చేసే శిల్పి ఒకాయన యాభై ఏళ్ల కిందట ఆ కొంగను బీచ్ రోడ్డు పక్క తోటలో నిలబెట్టి పోయాడు. దాని చెవుల్లో మైకులున్నాయి, మెడలో మోటారుంది. మెత్తగా పిలిస్తే వంగుతుంది. అరిస్తే బెదిరి వెనక్కి పోతుంది.

కంచరపాలెం సందుల్లో తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన గొంతు గురువమ్మది. మొగుడితోనైనా బేరగాళ్లతోనైనా అదే గొంతు. మోకాళ్లు అరిగిపోయి ఇక్కడ స్వీపరుగా చేరిన కొత్తలో ఆమె నోరు విప్పితే కొంగ ఆకాశం చూసేది. చేపలమ్మే మనిషిని చూసి పారిపోయే కొంగ ఇదొక్కటేనని జనం నవ్వేవారు. ఆమె పంతం పట్టి మెత్తగా మాట్లాడటం నేర్చుకుని, కొంగ తనకూ వంగేలా చేసుకుంది. ఆ మెత్తదనం మొగుడికి దక్కలేదు. ఆయన పోయాక అది తలచుకుని ఏడ్చింది.

"వచ్చీసినాను తల్లీ" అంది ఈ ఉదయం కూడా. కొంగ కదల్లేదు.

"ఏటే, కొంగ జపం సేత్తన్నావా?"

ఉలుకూ పలుకూ లేదు. వాచ్‌మన్ శ్రీరామ్మూర్తి వచ్చి "ఏమ్మా కొంగమ్మా" అనగానే కిర్రుమంటూ అతని వైపు వంగింది.

"బాగానే ఉంది కదా గురువమ్మా. నువ్వే కోపం తెప్పించుంటావు" అని నవ్వాడతను.

ఆమెకు నవ్వు రాలేదు. ఊడుస్తూ, మొక్కలకు నీళ్లు పోస్తూ, అటు వెళ్లిన ప్రతిసారీ పిలిచింది. కొంగ పిల్లలకు వంగింది, ఐస్‌క్రీం బండివాడికి వంగింది. తనకు మాత్రం లేదు. ఇంటికెళ్లేలోగా ఒక్కసారి వంగితే చాలనుకుంది.

ఎండ వాలేసరికి ఓపిక నశించింది. "సేపలో...య్! పచ్చి సేపలో...య్!" అని పాత గొంతంతా తీసి అరిచింది. కాకులు లేచిపోయాయి. గేటు దగ్గర శ్రీరామ్మూర్తి ఉలిక్కిపడ్డాడు. కొంగ మాత్రం బెదరలేదు. దాని లెక్కన అక్కడ ఎవరూ లేరు. గురువమ్మ గేటు వైపు తిరిగింది.

"నాను ఇక్కడే ఉన్నాను కదేటి బాబూ?" అని శ్రీరామ్మూర్తిని అడిగింది.

"ఉన్నావమ్మా. ముఖం పాలిపోయింది, కాసేపు కూర్చో. టీ తెస్తాను."

ఆమె నూనె సీసా పక్కన పెట్టుకుని, కొంగ కాళ్లకు చేరగిలబడింది.

టీ తెస్తూ అతను దూరం నుంచే చూశాడు. గాలి లేదు, మాట లేదు. కొంగ మెడ మెల్లగా దిగుతోంది, ఎప్పుడూ దిగనంత కిందికి, ఆమె నోటి దాకా.

"వినేసిందమ్మా!" అని సంతోషం పట్టలేక అరిచాడు.

ఆ అరుపుకు అది వెనక్కి పోవాలి. పోలేదు. దగ్గరికెళ్లి భుజం తడితే గురువమ్మ పక్కకు ఒరిగిపోయింది.

మూడో రోజుకీ మెకానిక్కులు ఆ మెడ ఎత్తలేకపోయారు. దాని ముక్కు కింద, తీయడానికి ఎవరికీ చెయ్యి రాక, మూతలేని కొబ్బరినూనె సీసా అలాగే ఉంది.