భారతమ్మ మెడలో హారం

భారతమ్మ చనిపోయిన మూడో రోజు ఆమె మనవరాలి భర్త హరీష్ ఆళ్లగడ్డలోని సాల్మన్ రాజు స్టూడియో మెట్లెక్కాడు. సాల్మన్ రాజు పాస్‌పోర్ట్ ఫొటోలు కత్తిరిస్తున్నాడు. తలెత్తి చూసి, మళ్లీ కత్తెర ఆడించాడు.

“అన్నా, గుర్తుపట్టినావా?”

“పెండ్లికొడుకును మర్చిపోతానా? కూర్చో.”

హరీష్ కూర్చోలేదు. “అవ్వ పోయింది. దినాలకు ఫొటో పెట్టాల. ఇంట్లో మంచిది ఒక్కటీ లేదన్నా. ఫోన్ తీస్తే చాలు, చెయ్యి అడ్డం పెట్టేది. ఉన్నవాటిని పెద్దవి చేస్తే మొకమంతా చుక్కలు చుక్కలుగా వస్తాండాది. నీ దగ్గర పెండ్లివి ఉంటాయి కదా?”

“ఉండాయి. మీ మామ పంపినాడా?”

“నేనే చెప్పినా. యాడా దొరక్కపాయె, ఊ అన్నాడు.”

“ఆయన నోటితో చెప్పమను.”

హరీష్ ఫోన్ కలిపి బల్ల మీద పెట్టాడు. అవతల రాజశేఖర్ గొంతు. భారతమ్మకు ఒక్కడే కొడుకు, హరీష్‌కు మామ.

“ఏం సాల్మన్. అప్పటివన్నీ ఇప్పుడెందుకప్పా. మా అమ్మది మంచి ఫొటో ఒకటి చెయ్యి. పెద్దది. పట్టుచీర వెయ్యి. మెడ బోడిగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు, ఏదన్నా నగ వెయ్యి.”

“ఏం నగ వేయమంటావన్నా?”

“నన్నడుగుతావేందప్పా? నీ దగ్గర ఉండేదాంట్లో మంచిది చూసి వెయ్యి.”

“నాకు నచ్చింది వేయొచ్చునా?”

“వెయ్యప్పా, వెయ్యి. బేగా చెయ్యి.”

సాల్మన్ రాజు హరీష్ వైపు చూశాడు. “విన్నావు కదా.”

“విన్నానన్నా,” అన్నాడు హరీష్.

పోయినవాళ్ల ఫొటోలో లేని చీర కట్టడం, లేని నగ పెట్టడం ఆ ప్రాంతపు ఫొటోగ్రాఫర్లకు రోజూ ఉండే పని. బతికినన్నాళ్లూ నూలు చీర కట్టిన మనిషి గోడ మీద పట్టుచీరతో ఉంటుంది. ఎవరూ తప్పు పట్టరు. ఏ చీర, ఏ నగ అని అడగకపోతేనే ఫొటోగ్రాఫర్‌కు పని రాదంటారు.

మూడేళ్ల కిందట హరీష్, దీపికల పెళ్లి రుద్రవరం అవతల రాజశేఖర్ ఊళ్లో, ఇంటి ముందే జరిగింది. దీపిక రాజశేఖర్ కూతురు. ఆడపెళ్లివారి తరఫున ఫొటోలు, వీడియో తీసింది సాల్మన్ రాజు. నగలన్నీ పళ్లెంలో పేర్చి ముందుగా ఫొటో తీయించడం ఆ ఇళ్లలో అలవాటు. తీశాడు. పళ్లెం మధ్యలో హారం ఉంది. దాని బిళ్లలో ఎప్పుడో ఒక కెంపు ఊడిపోతే ఆ చోట పచ్చరాయి పొదిగించారు. వీడియో కెమెరాను ఆ గదిలోనే స్టాండు మీద వదిలి, బ్యాటరీ కోసం బయటికి వెళ్లాడు.

పెళ్లికూతురికి నగలు పెట్టే వేళకు పళ్లెంలో హారం లేదు.

గదిలోకి వచ్చిన బయటి మనిషి ఎవరంటే అందరూ ఫొటో ఆయన అన్నారు. రాజశేఖర్ అతన్ని చెయ్యి పట్టుకొని వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు. సంచిని బోర్లించాడు. లెన్సు నాపబండ మీద పడి పగిలింది. చొక్కా విప్పించాడు. బనియను విప్పించాడు. షామియానా కింద బంతిలో తింటున్నవాళ్లు విస్తళ్ల ముందు నుంచి లేచి వచ్చి చూశారు. ఏమీ దొరకలేదు.

“యాడనో దాచినాడు దొంగ నాకొడుకు!” అని రాజశేఖర్ అరుగెక్కి అరిచాడు.

భారతమ్మ ఆ అరుగు మీదే, స్తంభానికి ఆనుకొని కూర్చొని ఉంది. నడుము దగ్గర చెయ్యి పెట్టుకొని చూసింది.

పెళ్లి వాకిట్లోకి పోలీసులెందుకని పెద్దలు ఆపారు. కేసు లేదు కాబట్టి సాల్మన్ రాజు దొంగ కాదని తేల్చే చోటు కూడా లేకపోయింది. ఆళ్లగడ్డలో పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. నంద్యాల వెళ్లి వేరే ఫొటోగ్రాఫర్ల దగ్గర లైటు పట్టుకున్నాడు. అప్పటిదాకా చర్చిలో ఆదివారం కానుకల సంచి తిప్పేది అతనే. పెళ్లి తర్వాతి ఆదివారం సంఘపెద్ద ఆ సంచిని యేసుదాసు చేతికిచ్చాడు. కారణం చెప్పలేదు. సాల్మన్ రాజు అడగలేదు. ఆ పొద్దు నుంచి వెనక బల్ల మీద కూర్చుంటున్నాడు.

ఆల్బం వద్దని రాజశేఖర్ కబురు పంపాడు. దొంగ చేసిన ఆల్బం తన ఇంట్లో ఉండకూడదన్నాడు. అట్లా అప్పటిదాకా తీసిన పెళ్లి సాల్మన్ రాజు హార్డ్ డిస్క్‌లో ఉండిపోయింది.

డిస్క్‌లో గది వీడియో కూడా ఉంది. అతను ఆపకుండా వదిలి వెళ్లిన కెమెరా తన పని తాను చేసింది. అందులో తలుపు తీసుకొని భారతమ్మ లోపలికి వస్తుంది. పళ్లెంలోంచి హారం తీస్తుంది. కళ్లకద్దుకుంటుంది. కొంగులో మూట కట్టి, నడుములో దోపుకొని వెళ్లిపోతుంది.

అది చూసిన రోజే సాల్మన్ రాజు ల్యాప్‌టాప్ తీసుకొని రాజశేఖర్ ఊరికి వెళ్లాడు. గేటు తీయలేదు. రాజశేఖర్ గేటు అవతలే నిలబడి మాట్లాడాడు.

“వీడియో ఉందా? ఏం వీడియో? మీరు తలకాయలే మార్చి అతికిస్తారు కదప్పా. చచ్చినోళ్లను పెండ్లి ఫొటోలో నిలబెడతారు. నీ వీడియో ఎవడు నమ్ముతాడు? పో.”

ల్యాప్‌టాప్ మూత కూడా తెరవకుండా సాల్మన్ రాజు తిరిగొచ్చాడు. ఆ మాట మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

హరీష్ వెళ్లాక అతను పళ్లెం ఫొటో తెరిచాడు. హారాన్ని కత్తిరించి తీశాడు. పెళ్లి పొద్దున వాకిట్లో నలుగు పెట్టే వేళ మనవరాలిని చూస్తూ భారతమ్మ నవ్విన ఫొటో ఒకటి ఉంది. కెమెరా తన వైపు ఉందని ఆమెకు తెలియదు, అందుకే చెయ్యి అడ్డం పెట్టలేదు. హారాన్ని ఆ మెడ వంపుకు వంచాడు. కింద నీడ వేశాడు. బంగారం మెరుపును షామియానా వెలుతురుకు తగినంత తగ్గించాడు. పచ్చరాయిని మాత్రం తగ్గించలేదు.

అతని భార్య ప్రమీల అన్నం క్యారియర్ తెచ్చి వెనక నిలబడింది.

“ఇది ఆ హారం కాదా?”

“అదే.”

“కొడుకు మీద కోపం తల్లి మెడలో వేస్తాండావా? చచ్చిన మనిషయ్యా.”

“వేయమన్నాడు. వేస్తాండా.”

“నీ మీద చెయ్యి చేసుకుంటే? ఆడ నీ తట్టు ఎవరుంటారు? దేవుడు చూసుకుంటాడని నువ్వే అంటివి కదా.”

“మూడేండ్లు చూసినాడు కదా. ఇప్పుడు నేను చూసుకుంటా.”

ప్రమీల క్యారియర్ బల్ల మీద పెట్టింది. తెర వైపు వంగి చూసింది. “ఆ పచ్చరాయి ఇంకొంచెం కనపడనీ,” అని వెళ్లిపోయింది.

ప్రింటు, ఫ్రేమ్ నంద్యాలలో చేయించాడు. దినాల రోజు పొద్దున పేపర్లు చుట్టి ఆటోలో తీసుకెళ్లాడు. మగవాళ్లు గుండ్లు చేయించుకొని స్నానాలకు బావి దగ్గరికి వెళ్లారు. ఇంటి ముందు అదే వాకిలి, అదే చోట షామియానా. కుర్చీ మీద ఫ్రేమ్ నిలబెట్టి పేపర్లు తీశాడు. పూలదండ తనే కట్టాడు. మామూలుగా దండ ఫొటోలో మెడ మీదికి వస్తుంది. అతను దాన్ని ఫ్రేమ్ అంచుల వెంట వెడల్పుగా కట్టాడు. మెడ ఖాళీగా వదిలాడు.

ముందు ఆడవాళ్లు చూశారు. ఒకామె పక్కామె మోచేతిని తట్టింది. మాటలు ఆగాయి. పెళ్లి పొద్దు హారం కోసం బియ్యం బస్తాల నుంచి పూలబుట్టల దాకా వెతికినవాళ్లే అందరూ. ఏం వెతకాలో ఒకరికొకరు చెప్పుకొని వెతికారు, పచ్చరాయి ఉన్న బిళ్ల అని.

రాజశేఖర్ తడి పంచెతో, భుజాన తువాలుతో, గుండుతో వచ్చాడు. ఒంటి మీద చొక్కా లేదు. జనం ఎక్కడ చూస్తున్నారో అక్కడ చూశాడు.

“ఏందిరా ఇది?”

“మీ అమ్మ ఫొటో అన్నా.”

“మెడలో అదేంది?”

“నగ వేయమంటివి కదా. నాకు నచ్చింది వేయమంటివి. నీ అల్లుడు విన్నాడు.”

హరీష్ నేల చూశాడు. రాజశేఖర్ రెండడుగులు ముందుకు వచ్చి చెయ్యెత్తాడు. హరీష్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“మామా, వద్దు. దినం పూట.”

“మా అమ్మ మెడలో దొంగసొమ్ము వేస్తావా? దొంగ నాకొడకా, యాడ దాచినావు దాన్ని?”

“నేను దాచలేదన్నా. దాచినోళ్ల మెడలోనే వేసినా.”

సాల్మన్ రాజు జేబులోంచి ఫోన్ తీశాడు. “గేటు కాడ చూడనంటివి. ఇప్పుడన్నా చూడు. తలకాయలు మార్చినానో లేదో చూడు.”

“నాకేం చూపియ్యొద్దు! తీసేయ్ ఆ ఫొటోను!”

“తీసేకి లేదు.” ఈ మాటన్నది పద్మమ్మ, భారతమ్మ చెల్లెలు. స్తంభం దగ్గర కూర్చున్నది లేచి వచ్చింది. “ఇంకో ఫొటో ఉందా నీ దగ్గర? లేదు కదా. ఇంక దేని ముందర పెడతావు కూడు?”

“పిన్నమ్మా, నువ్వు ఊరుకో.”

“ఊరుకుంటి గదరా ఇన్నాళ్లు. అది ఎవరి హారం? మా అమ్మ మా అక్కకు పెట్టిన హారం. ఆ కెంపు ఊడిపోతే పచ్చరాయి పెట్టించింది కూడా మా అమ్మే. మీ నాయన పోయినాక నీకెందుకు నగలని తాళాలు గుంజుకుంటివి. పెండ్లికి ఒక మాట అడగకుండా తీసకపోయి పళ్లెంలో పెడితివి. అక్క తీసుకుంది. తన సొమ్ము తను తీసుకుంది. నా దగ్గర దాచమంటే దాచినా. మా ఇంట్లో ఉండాది, కావాలంటే వచ్చి వెతుక్కో. నా గుడ్డలు గూడా విప్పించు.”

రాజశేఖర్ హరీష్ పట్టులోంచి చెయ్యి విడిపించుకున్నాడు.

పద్మమ్మ సాల్మన్ రాజు వైపు చెయ్యి చూపింది. “ఈయప్పను ఈడ నిలబెట్టి నువ్వు గుడ్డలిప్పుతాంటే అక్క నోరు తెరవలే. నేనూ తెరవలే. తెరిస్తే దాన్ని ఈ ఇంట్లో బతకనిస్తివా నువ్వు?”

హారం ఎవరిదో సాల్మన్ రాజుకు అప్పటిదాకా తెలియదు. మూడేళ్లు భారతమ్మను దొంగ అనుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“అన్నా,” అన్నాడు రాజశేఖర్‌తో. “ఆ పొద్దు అరుగెక్కి చెప్పినావు. ఈ పొద్దు కూడా అరుగెక్కి చెప్పు.”

రాజశేఖర్ చుట్టూ చూశాడు. సాల్మన్ రాజు దొంగ కాదంటే, దొంగ ఎవరో చెప్పాలి. తల్లి పేరు చెప్పాలి, లేకపోతే తన పేరు చెప్పాలి.

“నువ్వు తియ్యలేదులే,” అన్నాడు నేల వైపు చూస్తూ.

“అరుగు మీద నుంచి అన్నా. బంతిలో వెనకోళ్లకు వినపడలే.”

రాజశేఖర్ అరుగెక్కాడు. “ఫొటో ఆయప్ప తియ్యలేదు,” అన్నాడు. అంతకు మించి అనలేదు. దిగి లోపలికి వెళ్లబోయాడు.

“ఫ్యామిలీ ఫొటో మిగిలుండాది,” అన్నాడు సాల్మన్ రాజు.

దినాల రోజు పోయినవాళ్ల ఫొటోను మధ్యలో పెట్టుకొని ఇంటిల్లిపాది కూర్చొని ఫొటో దిగడం ఆనవాయితీ. పెద్దవాళ్లు కూర్చోమన్నారు. రాజశేఖర్ తల్లి ఫొటో పక్కన, చొక్కా లేకుండా, కుర్చీలో కూర్చున్నాడు. సాల్మన్ రాజు తొందరపడలేదు. స్టాండు సరిచేశాడు. వెలుతురు చూసుకున్నాడు. ఫ్రేమ్ అద్దం మెరవకుండా కొంచెం వంచాడు.

“అన్నా, తల పైకెత్తు. ఇంకొంచెం. ఇట్ల నా తట్టు చూడు.”

రాజశేఖర్ చూశాడు. సాల్మన్ రాజు నొక్కాడు.

ఆ వారమే అతను ఆ ఫొటోను పెద్దది చేయించి, స్టూడియో ముందు అద్దాల పెట్టెలో పెట్టాడు. అందులో ఎప్పుడూ పెళ్లికూతుళ్ల ఫొటోలు ఉండేవి. వాటిని తీసేసి ఇదొక్కటే పెట్టాడు. ఎదురుగా రుద్రవరం బస్సు ఆగుతుంది. దిగినవాళ్లు నిలబడి చూశారు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పారు. చర్చిలో సంఘపెద్ద కానుకల సంచి చాచాడు. సాల్మన్ రాజు అందుకోలేదు. “యేసుదాసు బాగానే తిప్పుతాండాడు కదయ్యా,” అన్నాడు.

ఫొటో తీసేయమని హరీష్ వచ్చాడు. “బాగా వచ్చింది, అందుకే పెట్టినా,” అని సాల్మన్ రాజు అతనికి టీ తెప్పించాడు. రాజశేఖర్ రాలేదు. ఆళ్లగడ్డలో పని ఉంటే కారులో అటు పక్క బజారు గుండా తిరిగి పోతున్నాడని బస్టాండు దగ్గరివాళ్లు చెప్పారు.

చివరికి పద్మమ్మ వచ్చింది. అద్దం ముందు నిలబడి అక్కను చూసింది.

“తీసేయ్ నాయనా. అక్క సిగ్గరి. ఫోన్ చూస్తే మొకం దాచుకునేది. దాన్ని తెచ్చి బజార్లో కూర్చోబెట్టినావే.”

“నన్ను బజార్లో నిలబెట్టినప్పుడు ఆమె చూస్తా కూర్చునింది పిన్నమ్మా.”

“నేను చెప్పినా కదా నలుగుర్లో. అది చాల్లేదా?”

పద్మమ్మ కొంగుతో అద్దం మీద దుమ్ము తుడిచింది. పైకి చూసింది. ఎండ ఫొటో మీదికి వస్తోంది.

“ఎండ పడకుండా అన్నా పెట్టు,” అంది. “మొకం రంగు పోతాది.”

ఆమె బస్సెక్కాక అతను అంగడికి వెళ్లి పరదా గుడ్డ కొనుక్కొచ్చి అద్దాల పెట్టెకు కట్టాడు. రోజూ ఎండ ఎక్కగానే దాన్ని దించుతాడు. రుద్రవరం బస్సు వచ్చే వేళకు ఎత్తుతాడు.