డేగకన్ను మాస్టారి డి లైసెన్స్

గోపీనాథ్ ఎవరినీ ఊరికే నమ్మే రకం కాదు. తెనాలి బస్టాండులో బస్సు ముందు బాపట్ల అని జానెడేసి అక్షరాలతో రాసి ఉన్నా సరే, డ్రైవర్ని ఒకసారి, కండక్టర్ని ఒకసారి, కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడని మరోసారి అడిగి గానీ ఎక్కలేదు. ఎక్కాక కూడా పొన్నూరు వచ్చేవరకూ దారిలో బోర్డులు చదువుకుంటూనే ఉన్నాడు. "మా ఆయన అద్దంలో మొహం చూసుకుని కూడా, ఎవరండీ మీరు, ఏ ఊరు అని అడుగుతాడు" అని ఆయన భార్య తులసి చుట్టాలందరి ముందూ అంటూ ఉంటుంది. ఆ మాట ఆమె చేత ఎవరు అనిపిస్తున్నారా అని గోపీనాథ్ అనుమానం.

ఇంట్లో ఎలా ఉన్నా, గ్రౌండులో ఆ గుణమే ఆయనకి అన్నం పెట్టింది. తెనాలిలో ఓ ప్రైవేటు స్కూల్లో ఆయన ఆటల మాస్టారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఫుట్‌బాల్ ఆడే పిల్ల కుంటుతుంటే అది నిజం కుంటా, హోంవర్కు కుంటా అన్నది మైదానం అవతలి కొసన నిలబడి చెప్పగలడు. ఆరేళ్లపాటు ఇల్లిల్లూ తిరిగి, తల్లిదండ్రులను బతిమాలి, పధ్నాలుగు మంది ఆడపిల్లలతో ఓ జట్టు తయారుచేశాడు. ఈ ఏడు వాళ్లకి పదమూడేళ్లలోపు లీగులో చోటు దొరికింది. దాంతోపాటే కొత్త నిబంధన ఒకటి వచ్చిపడింది. బెంచీ మీద డి లైసెన్స్, అంటే ఫుట్‌బాల్ కోచింగులో మొదటి మెట్టు పరీక్ష, పాసైన కోచ్ కూర్చోవాలి, జట్టు కాగితం మీద ఆయనే సంతకం పెట్టాలి. లేకపోతే జట్టును గ్రౌండులోకే రానివ్వరు.

"లైసెన్స్ తెచ్చుకుంటే మీరే కోచ్ మాస్టారూ. లేదంటే ఉన్నవాళ్లెవర్నయినా చూసుకుంటాం" అన్నాడు స్కూలు కరస్పాండెంట్, చావు కబురు చల్లగా చెప్పినట్టు.

అందుకని నలభై ఒకటో ఏట గోపీనాథ్ మళ్లీ విద్యార్థి అయ్యాడు. బాపట్లలో ఓ కాలేజీ గ్రౌండులో ఆరు రోజుల కోర్సు. ఇరవై నాలుగు మంది అభ్యర్థులు. నేర్పేది సాయిసుధ మేడం, ఒకప్పుడు రాష్ట్ర జట్టుకి ఆడిన మనిషి. మొదటి రోజే ఆవిడ ఒక మాట చెప్పింది.

"ఇక్కడ ఒకరు కోచ్‌గా ఉంటే మిగతావాళ్లు ఆటగాళ్లు. కానీ మీ ఎదురుగా ఉన్నది పెద్దవాళ్లని మర్చిపోండి. వాళ్లు పన్నెండేళ్ల పిల్లలు. వాళ్లకి ఎలా నేర్పుతారో అలాగే నేర్పండి. మార్కులు దానికే."

అందరూ నవ్వారు. ఎందుకంటే ఆ పన్నెండేళ్ల పిల్లల్లో చేబ్రోలు నుంచి వచ్చిన వెంకట్రామయ్య కూడా ఉన్నాడు. ఆయనకి యాభై దాటాయి, బట్టతల, బంతి వెంట నాలుగడుగులు పరిగెడితే పిల్లికూతలతో ఆయాసపడతాడు. ఆయనా, రేపల్లె నుంచి వచ్చిన యోబు, గోపీనాథ్ ఒకే గదిలో దిగారు.

యోబుకి ముప్ఫై అయిదుంటాయి. రేపల్లెలో ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, సాయంత్రాలు తన వీధిలో పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతాడట. ఏ స్కూలూ లేదు, ఏ జట్టూ లేదు. మరి లైసెన్స్ ఎందుకు? గోపీనాథ్ మనసులో మొదటి గంట అక్కడే మోగింది.

రెండో గంట మెస్సులో ఇడ్లీ తింటుండగా మోగింది.

"సార్, మీ ఆడపిల్లల జట్టు లీగులో ఆడతందంటగా?" అన్నాడు యోబు ఎదురుగా ప్లేటు పెట్టుకుంటూ. "ఎంతమంది సార్? ఏ ఊళ్ల నుంచి వస్తారు? ముందు ఎవరింటికెళ్లి అడిగారు సార్?"

"వస్తారు లేవయ్యా, ఎక్కడి నుంచో ఒక చోట నుంచి" అన్నాడు గోపీనాథ్. సగం ఇడ్లీ వదిలేసి లేచిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన తన అనుమానాన్ని వెంకట్రామయ్య చెవిలో వేశాడు. ఆ పెద్దమనిషి దానికి నెయ్యి పోసి తిరిగిచ్చాడు.

"నేను ఊరికే అంటన్నా తమ్ముడూ, మళ్లీ నా పేరు చెప్పమాక. జట్టు లేనోడికి లైసెన్స్ ఎందుకంట? ఎవుడి జట్టో ఒకటి చూసుకోవటానికే గదా! మీ కరస్పాండెంట్ లైసెన్స్ ఉన్నోణ్ణి చూసుకుంటానన్నాడంటివి."

అంతే. గోపీనాథ్ కళ్ల ముందు మొత్తం బొమ్మ కట్టింది. తన పిల్లలు, తన ఆరేళ్ల కష్టం, తన బెంచీ, దాని మీద కాలు మీద కాలేసుకుని యోబు. అనుమానం పెనుభూతం అన్నారు గానీ, భూతానికైనా కాసేపు నిద్ర ఉంటుందేమో, ఈయనకి లేకుండా పోయింది. యోబు నవ్వుతూ పలకరిస్తే నక్క వినయం అనుకున్నాడు. పలకరించకపోతే దొరికిపోతానని భయపడుతున్నాడు అనుకున్నాడు. గదిలో యోబు మాట కలపబోతే దుప్పటి ముసుగేసుకున్నాడు. పరీక్ష కోసం తను రాసుకున్న పాఠాన్ని దిండు కింద దాచి, తప్పుల తడకగా మరో పాఠం రాసి బల్ల మీద పెట్టాడు. పేజీల మధ్యలో చీపురుపుల్ల ముక్క పెట్టాడు, ఎవరైనా తెరిస్తే తెలుస్తుందని. పొద్దున్నే చూస్తే పుల్ల పెట్టినచోటే ఉంది.

"అబ్బ, ఎంత జాగ్రత్తగా మళ్లీ పెట్టాడో!" అనుకున్నాడు గోపీనాథ్.

అయిదో రోజు చీటీలు తీశారు. ఎవరు ఏ పాఠం చెప్పాలి, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది అందులోనే ఉంటుంది. గోపీనాథ్‌కి వచ్చింది మొదటి వంతు. అందరికంటే ముందు తనే ఎందుకు రావాలి అని ఆ చీటీని వెలుతురుకి పెట్టి మరీ చూశాడు. పాఠం మాత్రం ఆయనకి కొట్టినపిండి. బంతి కాలికి అందకముందే తల తిప్పి వెనక ఎవరున్నారో చూసుకోవడం. వెనక్కి చూసుకోవడం గురించి తెనాలి చుట్టుపక్కల గోపీనాథ్‌ని మించినవాడు ఎవడున్నాడు?

ఆరో రోజు పొద్దున్నే ఎండ రాకముందే గ్రౌండులో గీతలు గీసి, రంగు రంగుల ప్లాస్టిక్ కోన్లు పేర్చుకున్నాడు. ఎనిమిది మంది 'పిల్లలు' సిద్ధంగా నిలబడ్డారు. వంగి చివరి కోను పెడుతూ తలెత్తి చూస్తే, సాయిసుధ మేడం యోబుని పక్కకి పిలిచి ఏదో చెబుతోంది. యోబు తల ఊపాడు. గోపీనాథ్ వైపు చూసి ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

నిప్పు లేనిదే పొగ రాదు అనుకున్నాడు గోపీనాథ్. మేడం కూడా అతనితో కలిసిపోయిందన్నమాట.

విజిల్ ఊది ఆట మొదలుపెట్టాడు. రెండో నిమిషంలోనే కనిపెట్టాడు. యోబు వెనక్కి చూడకుండా బంతి అందుకున్నాడు. వెనక నుంచి వెంకట్రామయ్య, ఆ ఆయాసపు మనిషి, వచ్చి బంతి లాక్కుపోయాడు.

"ఆగండి!" ఆట ఆగింది. "యోబు, బంతి రాకముందే తల తిప్పి చూడాలి. చూడకపోతే ఏమైందో చూశావుగా?"

"సరే సార్" అన్నాడు యోబు.

మళ్లీ ఆట. మళ్లీ బంతి. మళ్లీ చూడలేదు. మళ్లీ పోయింది.

"చెప్పానా లేదా?"

"చెప్పారు సార్."

మూడోసారి బంతి యోబు వైపు వెళ్తుంటే గోపీనాథ్ బంతిని వదిలేసి అతని మెడనే చూస్తున్నాడు. మెడ కదల్లేదు. పైగా తిరగబోయిన మెడని యోబు బలవంతాన ఆపుకోవడం ఆయన కళ్లారా చూశాడు. రోజూ ఆడే మనిషి మెడ దానంతటదే తిరుగుతుంది. ఇతను కావాలని ఆపుకున్నాడు. సందేహం లేదు, నూటికి నూరు పాళ్లు కావాలనే.

ఆరు రోజులుగా అదిమిపెట్టినదంతా గొంతులోకి వచ్చింది.

"కావాలని చేస్తన్నావురా! నా కళ్లు కప్పుదామనుకున్నావా? నా పొట్ట కొట్టటానికి రేపల్లె నుంచి పనిగట్టుకుని వచ్చావా? పో! బయటికి పో! నా గ్రౌండులో నువ్వు ఆడక్కర్లా!"

యోబు మేడం వైపు చూశాడు. ఆవిడ వద్దన్నట్టు చిన్నగా తలూపింది. అతను తల వంచుకుని గీత దాటి వెళ్లి నిలబడ్డాడు. చూశారా, తప్పు చేసినవాడే తల వంచుకుంటాడు అనుకున్నాడు గోపీనాథ్. మిగతా పది నిమిషాలూ పాఠం చక్కగా నడిపించాడు. మేడం మాత్రం ఇంకేమీ రాసుకోలేదు.

సాయంత్రం ఒక్కొక్కరినీ పిలిచి ఫలితం చెప్పారు. గోపీనాథ్ కాగితం మీద 'ఇంకా సిద్ధం కాలేదు' అని ఉంది.

"నాకు తెలుసు మేడం" అన్నాడు గోపీనాథ్. "మీరూ అతనూ నవ్వుకోవడం చూశాను. అతను కావాలని చెడగొట్టాడు. కాదని చెప్పండి."

"అవును సార్, కావాలనే" అంది సాయిసుధ. "నేనే చెప్పాను అలా ఆడమని. మీ తర్వాత వచ్చిన ప్రతి పాఠంలోనూ ఒకరికి ఒక తప్పు చెప్పి పంపాను. కోచ్ ఆ తప్పుని సరిగ్గా నేర్పి దిద్దేవరకూ మానొద్దని చెప్పాను. అదే పరీక్ష."

గోపీనాథ్ చేతిలో కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"మీ కన్ను పొరపడలేదు. ఇరవై నాలుగు మందిలో అంత తొందరగా పట్టినవాళ్లు ఎవరూ లేరు. కానీ పట్టుకుని ఏం చేశారు? తల ఎప్పుడు తిప్పాలో, ఎటు తిప్పాలో పక్కన నిలబడి ఒక్కసారి చేసి చూపించలేదు. రెండుసార్లు గద్దించారు. మూడోసారి పన్నెండేళ్ల పిల్లని గ్రౌండులోంచి వెళ్లగొట్టారు."

"మరి ఆ నవ్వు?"

"గోపీనాథ్ సార్‌ది డేగకన్ను మేడం, మొదటి బంతికే పట్టేస్తారు, నాకు ఎక్కువసేపు పని ఉండదు అన్నాడు యోబు. అందుకు నవ్వాను."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. గదికి వచ్చేసరికి యోబు మంచం ఖాళీ. సంచీ సర్దుకుని రేపల్లె బస్సెక్కేశాడు. అతను పాసయ్యాడు. వెంకట్రామయ్య కూడా పాసయ్యాడు.

మళ్లీ కోర్సు ఆరు నెలల తర్వాత. లీగు పన్నెండు రోజుల్లో. తెనాలి వచ్చి గోపీనాథ్, ఈ లీగు వరకూ తన జట్టు బెంచీ మీద కూర్చోమని ముందు వెంకట్రామయ్యకి ఫోన్ చేశాడు. "మా స్కూలు ఒప్పుకోదు తమ్ముడూ, ఏవనుకోమాక" అని ఆయన చప్పున పెట్టేశాడు. పాసైనవాళ్లలో తన దగ్గర నంబరున్న ఇంకో ఇద్దరు ఫోనే ఎత్తలేదు. రోజూ సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చిన పిల్లలు "సార్, మనం వెళ్తన్నామా?" అని అడుగుతున్నారు. నాలుగో రోజు ఆయనకి జవాబు చెప్పే మొహం లేకపోయింది. ఇక మిగిలింది ఒక్కడే. చేసిన పనికి ఆ ఒక్కడి గుమ్మం తొక్కాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాడు. అయినా ఆదివారం పొద్దున రేపల్లె రైలెక్కాడు. ఈసారి ఆ రైలు ఎక్కడికి పోతుందని ఎవరినీ అడగలేదు. దారంతా కూర్చుని ఓ తెల్లకాగితం మీద పధ్నాలుగు మంది పేర్లూ, పేరు పక్కన తెలుసుకోవాల్సిన సంగతులూ రాశాడు.

ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర యోబు తడిసిన ప్యాంటుతో బయటికి వచ్చాడు. గోపీనాథ్‌ని చూసి ఆగిపోయాడు.

"యోబు గారూ" అన్నాడు గోపీనాథ్. ఆ 'గారు' నోటికి కొత్తగా ఉంది. "తప్పయిపోయింది. నలుగురిలో అనరాని మాట అన్నాను. నన్ను క్షమించండి."

యోబు పక్క కొట్టులో రెండు టీలు చెప్పి బల్ల మీద కూర్చున్నాడు.

"బాధేసింది సార్. అబద్ధం ఎందుకు. నన్ను పాసు చేశారు గానీ, బస్సులో ఏడుపొచ్చింది."

గోపీనాథ్ తల వంచుకున్నాడు. టీ గ్లాసు చేతిలో చల్లారిపోతుండగా వచ్చిన పని చెప్పాడు. పిల్లలు, పన్నెండింటిలో మిగిలిన ఎనిమిది రోజులు, సంతకం, బెంచీ.

"వస్తా సార్" అన్నాడు యోబు. "ఫ్యాక్టరీలో సెలవు అడుగుతా."

అంత తేలిగ్గానా? పాత గుణం ఎక్కడికి పోతుంది. "మరి మీకు ఏం కావాలి?" అని అడగనే అడిగాడు గోపీనాథ్.

యోబుకి నవ్వొచ్చింది. "మా వీధిలో ఆరుగురు ఆడపిల్లలు గోడ పక్కన నిలబడి చూస్తంటారు సార్. ఆడతాం అంటారు, ఇళ్లల్లో పంపరు. మీరు పధ్నాలుగిళ్లల్లో ఎట్టా ఒప్పించారో అడుగుదామనే మీ వెనకాల తిరిగా. మీరేమో దుప్పటి ముసుగేసుకుంటిరి."

గోపీనాథ్ జేబులోంచి కాగితం తీసి అతని చేతికిచ్చాడు. యోబు ఒక్కో వరుసా వేలితో పట్టుకుని నెమ్మదిగా చదివాడు. ఎడమ కాలు పనికిరాదు. బంతి అడగదు. రెండో సగంలో నడుస్తుంది. అరిస్తే బెదిరిపోతుంది. అలా కిందిదాకా చదివి, వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఖాళీ.

"సార్, వీళ్లకి రానియ్యన్నీ ఇందులో ఉన్నయ్. బెంచీ మీద కూచుని ఇయ్యన్నీ అరవమంటారా? ఆ పిల్లలు నన్నెప్పుడూ చూసుండరు. నేను వాళ్లకి ధైర్యం చెప్పాలంటే, ఏం బాగా వచ్చో తెలియాలిగా." యోబు పెన్ను తీశాడు. "మొదటి పేరు ప్రత్యూష. ఈ పిల్ల ఏం బాగా చేసిద్ది సార్?"

గోపీనాథ్ ఆరేళ్లుగా రోజూ చూస్తున్న పిల్ల. ఏమేం రావో అడిగితే నిద్రలో లేపినా చెబుతాడు. ఇది మాత్రం వెతుక్కోవాల్సి వచ్చింది. యోబు తొందరపెట్టలేదు.

"మనకి గోలు పడిద్ది చూశారా" అన్నాడు చివరికి. "మిగతా పిల్లలు దిగాలుగా నిలబడిపోతారు. ఈ పిల్ల ఒక్కతే పరిగెత్తుకెళ్లి, వలలోంచి బంతి తీసుకొచ్చి మధ్యలో పెట్టిద్ది. ప్రతిసారీ."

యోబు రాయడం ఆపి తలెత్తాడు. "అది చాలా పెద్ద సంగతి సార్. ఆ పిల్లకి ఎప్పుడన్నా చెప్పారా?"

"లేదండి."

"ఎందుకని సార్?"

గోపీనాథ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"చెబితే నెత్తికెక్కుద్దేమోనని, అనుమానం."