గొంతు పగలాలి

పద్యనాటకాలు నేర్పే సూరన్న మాస్టారికి మైకంటే ఒళ్లు మంట. ఉక్కు కర్మాగారంలో ముప్పయ్యేళ్లు యంత్రాల హోరును మించి అరిచిన మనిషి. ఆఖరి బెంచీవాడికి వినబడని పద్యం పద్యమే కాదనేవాడు. తెల్లవారగానే భీమిలి ఒడ్డున శిష్యుల్ని నడుం లోతు నీళ్లలో నిలబెట్టి, కెరటాల మోతను మించేలా పద్యం పాడించేవాడు. ముందు గొంతు పగలాలి, ఉమ్ములో రక్తపు జీర కనబడాలి, ఆ తర్వాతే అది తెరుచుకుంటుంది. ఆయన గురువు ఆయనకు చెప్పిందీ అదే. గొంతు పోయి నాటకం మానేసిన ముగ్గురు శిష్యుల గురించి ఎవరైనా అడిగితే, "ఆళ్లలో సరుకు లేదు" అని తేల్చేసేవాడు. ఎదురు చెప్పడానికి ఆ ముగ్గురికీ గొంతులుంటేగా.

హిమబిందు చేపలమ్మే ఇంటి పిల్ల, ఇరవై రెండేళ్లది. ఎలమంచిలి నాటక పోటీల్లో రాణి వేషం ఆమెకిచ్చారు. పోటీ నెల రోజులుందనగా గొంతు బొంగురుపోయింది.

"మింగతంటే ముళ్లు గుచ్చినట్టుంది మాస్టారూ. డాక్టరు కాడికెల్లమంతారా?"

"ఏటమ్మా, అప్పుడే భయమేసిందేటి? నాకూ ఇలాగే పగిలింది. దిగు నీళ్లలోకి."

దిగింది. ఆయన మాట ఆమెకు వేదవాక్కు. ఇరవయ్యో రోజున ఉమ్ములో ఎరుపు కనబడితే, భయపడాల్సిన పెద్దమనిషి మురిసిపోయి అందరికీ టీలు ఇప్పించాడు. మరో వారానికి, పద్యం మధ్యలో ఆమె గొంతు ఠక్కున ఆగిపోయింది.

ఆసుపత్రి వరండాలో డాక్టరు మాస్టారిని పక్కకు పిలిచింది.

"చిట్లిన చోటే మళ్లీ మళ్లీ చిట్లి మచ్చకట్టిందండీ. మాట గుసగుసగా వస్తుంది. పద్యం ఇక రాదు. మొదట్లోనే పది రోజులు మాట్లాడకుండా ఉండుంటే తగ్గిపోయేది. అమ్మాయికి మీరు చెబుతారా?"

పది రోజులు. సూరన్నకు ఆ ముగ్గురి ముఖాలూ వరసగా గుర్తొచ్చాయి. వాళ్లలో సరుకు ఉండేది. పాడుచేసింది తనే.

లోపల హిమబిందు మంచం మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే ముఖం వెలిగింది.

"పగిలిపోనాది కదా మాస్టారూ," అంది, గాలితో. "ఇంక తెరుసుకుంటాది కదా?"

నిజం చెప్పాలనే వచ్చాడు. ఆ కళ్లు చూశాక ధైర్యం చాలలేదు.

"తెరుసుకుంటాదమ్మా," అన్నాడు. పొట్టలోంచి, స్పష్టంగా, వార్డులో ఆఖరి మంచం దాకా వినబడేలా.

ఆమె సంతోషంగా రాణి పద్యం ఎత్తుకుంది. గాలి తప్ప ఏమీ రాలేదు. మెడనరాలు ఉబ్బాయి. ఆయన ఆపమనలేదు.