తాగని నీళ్ళు

"ముసలాళ్ళని ఎలా చూడాలో ఊళ్ళో పిల్లలందరికీ చెప్పొస్తావు. మా నాన్నని చూడ్డానికి మాత్రం నీకు తీరిక లేదు," అన్నారు మా ఆయన శశిధర్, నేను మావయ్యగారి కింద తడిసిన దుప్పటి లాగుతుంటే. తీరిక లేకే కాబోలు లాగుతున్నాను. ఆయన గుమ్మం బయటే నిలబడ్డారు. ముదినేపల్లి చేపల చెరువుల్లో మోకాళ్ళ లోతు బురదలోకి దిగే మనిషి, ఈ గది గడప మాత్రం దాటరు. వాసనట.

ఆదివారంలోగా నేను మెడికల్ కాలేజీలో ఉద్యోగం మానేస్తున్నానని చెప్పెయ్యాలి. అది ఆయన నిర్ణయం. ఆడపడుచు ఇంద్రజ కూడా ఫోన్లో సరేనంది, "ఇంట్లోనే డాక్టరు వదినుండగా బయటి మనిషెందుకు అన్నయ్యా" అని. మావయ్యగారికి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఆ మంచం దగ్గర పనంతా నాదే అయింది. డాక్టరువి కదా, నీకివన్నీ కొత్తా అంటారు. ఆహా, అన్నేళ్ళ చదువు ఇందుకు పనికొచ్చిందన్నమాట. లుంగీ మారుస్తున్నంతసేపూ మావయ్యగారు కళ్ళు గట్టిగా మూసుకుని గోడవైపు మొహం తిప్పుకుంటారు. ఒకప్పుడు నేను కాఫీ ఇస్తే చెయ్యి తగలకుండా గ్లాసు అందుకున్న మనిషి. ఆ సిగ్గు ఇంట్లో ఇంకెవరికీ పట్టదు.

బందరులో మా కాలేజీ పిల్లలకి వృద్ధుల వైద్యం వార్డులో చెప్పే పని కూడా నాకే అంటగట్టారు. "ఓపిక ఆడవాళ్ళ సొత్తు కదండీ" అన్నారు మా పెద్ద ప్రొఫెసరు యుగంధర్ గారు. ఓపిక నాకెక్కడిదండీ బాబూ, ఇంట్లోనే అయిపోతుంటే.

ఆ బుధవారం కేసు దానియేలు గారు. మంగినపూడిలో వల లాగి బతికిన మనిషి, తుంటి విరిగి మంచాన పడ్డారు. మాట తడబడుతుంటే కొడుకు రాకేష్ తీసుకొచ్చాడు. ఒంట్లో నీళ్ళు లేక కిడ్నీలు దెబ్బతిన్నాయి. సలైన్ ఎక్కాక కాస్త తెలివిలోకొచ్చారు. గిరీష్ అనే విద్యార్థి కేసంతా గడగడా అప్పజెప్పాడు, అన్నీ రాకేష్‌ని అడిగే. మా దగ్గర అదే అలవాటు, ముసలివాళ్ళ రోగం పక్కనున్నవాళ్ళని అడుగుతాం. నీళ్ళిస్తూనే ఉన్నామండీ, ఆయనే మొండికేసి తాగడు అన్నాడట కొడుకు.

ఇంతలో పక్క తడిసింది. నేను నోరు తెరవకముందే మగపిల్లలు వెనక్కి జరిగారు, ఆడపిల్లలు ముందుకొచ్చారు. ఎవరూ చెప్పలేదు. వాళ్ళలో లహరి అప్పుడే గ్లవ్స్ అందుకుంటోంది. దానియేలు గారు కళ్ళు గట్టిగా మూసుకుని గోడవైపు మొహం తిప్పుకున్నారు.

లహరిని ఆగమని, రాకేష్‌ని బయటికి పంపాను. ఈసారి ఆయన్నే అడుగు అన్నాను గిరీష్‌తో. వాడు మంచం పక్కన కూర్చుని, నీళ్ళెందుకు తాగడం లేదు తాతగారూ అనడిగాడు. ఆయన గోడవైపు నుంచి మొహం తిప్పకుండానే చెప్పారు.

"తాగితే పక్క తడుపుతాను కదయ్యా. కోడలు సుచిత్ర ఎత్తాలి. కూతురులాంటి పిల్ల. దానికీ సిగ్గు, నాకూ సిగ్గు. తాగకపోతే ఇద్దరికీ ఆ బాధుండదు."

మీ అబ్బాయి ఎత్తొచ్చు కదా అన్నాడు గిరీష్. "వాడికి చేతకాదయ్యా," అన్నారాయన, అంతకంటే చెప్పేదేముంది అన్నట్టు.

గ్లవ్స్ గిరీష్ చేతిలో పెట్టాను. నాకు రాదు మేడమ్ అన్నాడు. నేర్పాను. మనిషిని పక్కకి ఎలా తిప్పాలో, కప్పి ఉంచుతూనే ఎలా తుడవాలో, చేస్తున్నంతసేపూ ఆయనతో ఎలా మాట్లాడాలో. రెండుసార్లు దుప్పటి జారవిడిచాడు. అయినా చేశాడు. అంతా అయ్యాక దానియేలు గారు నీళ్ళు అడిగి తాగారు. అటుగా వెళ్తూ యుగంధర్ గారు, ఇవి ఆయాల పనులు కదండీ, పరీక్షలో రావు కదా అని నవ్వారు.

శుక్రవారం పొద్దున్న ఆ మంచం ఖాళీ. కిడ్నీలు మళ్ళీ కోలుకోలేదు. వరండాలో రాకేష్ కనిపించినవాళ్ళందరికీ నీళ్ళిస్తూనే ఉన్నామండీ అని చెప్పుకుంటున్నాడు. పక్కన సుచిత్ర, రోజూ దుప్పట్లు ఉతికి ఉతికి నీళ్ళకి నాని పాలిపోయిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు చూసి నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మావయ్యగారి బల్ల మీద పొద్దున్న పెట్టిన గ్లాసు నిండుగా అలాగే ఉంది. నాలుక చూపించమన్నాను. పిడచకట్టుకుపోయింది. తలుపు దగ్గరగా వేసి, మంచం పక్కన కూర్చుని అడిగాను, ఎవరు చేస్తే మీకు బాగుంటుంది మావయ్యగారూ అని. వంకరపోయిన మూతిని కూడదీసుకుని, "శశి రాడమ్మా," అన్నారు. కంటి కొస నుంచి నీరు చెవిలోకి జారింది.

హాల్లోంచి శశిధర్ అడుగుతున్నారు, కాలేజీలో చెప్పేశావా అని. చెప్పలేదు, చెప్పను కూడా అన్నాను. విసురుగా వచ్చి తలుపు తోసి, మామూలుగానే గడప బయట ఆగారు. నా సంచిలోంచి గ్లవ్స్ తీసి ఆయన చేతికిచ్చాను. వాటికేసి, నాకేసి చూశారు.

"నాకివన్నీ చేతకావు సుభాషిణీ."

"చేతకానివాళ్ళకి నేర్పడమే నా ఉద్యోగమండీ. లోపలికి రండి."

ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. నేను మంచినీళ్ళు కొత్తగా పట్టుకొచ్చి, మావయ్యగారి తల ఎత్తి, గ్లాసు పెదాలకి ఆనించాను.

"కడుపునిండా తాగండి మావయ్యగారూ. దుప్పటి మీ అబ్బాయి మారుస్తారు."