సగం మాత్ర

మా వదిన దగ్గింది. అంతే, మిల్లు గేటు కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"దగ్గేవాళ్ళని లోపలికి పంపొద్దని ఆర్డరు. ఇంటికి పో."

"ఈ మిల్లు దూదేనయ్యా నా ఛాతీలో ఉంది! ఎక్కడికి పొమ్మంటావు?" అంది వదిన.

లైనులో ఉన్న మేమంతా విన్నాం. మాకు దగ్గొస్తే ఎలా ఆపుకోవాలా అన్నదే మా బెంగ.

మిల్లు సర్కారుదిగా ఉన్నప్పుడు లోపలే ఆస్పత్రి ఉండేది. సిస్టరమ్మ క్షయ మందు చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. మగ్గాల మేస్త్రీని కూడా "నోరు తెరువు, నాలుక ఎత్తు" అని గదమాయించేది. సర్కారు మిల్లును అమ్మేసింది. కొన్న దొర మొదట తాళం వేసింది ఆస్పత్రికే. నష్టాలన్నీ అక్కడి నుంచే వస్తున్నాయట! ఇప్పుడందులో అట్టపెట్టెలు పెట్టుకున్నాడు.

మందు బయట కొనుక్కోవాల్సి వచ్చింది. మగ్గాల దగ్గర మాకో అలవాటుంది. రొట్టె ముక్కయినా సరే, విరిచి పక్కవాడికి సగం పెట్టందే తినం. వదిన తన మాత్రనీ అలాగే విరిచి, కొనలేని మేస్త్రీకి సగం పెట్టింది. అది చూసి మిగతా రోగులూ విరుచుకున్నారు. పుణ్యమే అనుకున్నాం.

మేస్త్రీ చచ్చిపోయాడు. శవం లేవకముందే క్వార్టరు ఖాళీ చెయ్యమని మేనేజరు కబురు పంపాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇలాంటివాడే.

ఆ సాయంత్రం మేస్త్రీ వాకిట్లోనే మీటింగు పెట్టాం. ఉద్యోగం పోయిన సిస్టరమ్మ కూడా వచ్చింది.

"సగం మందుకు జబ్బు చావదు, మొండికేస్తుంది. ఆ మొండి జబ్బే మీ పిల్లలకి అంటుకుంటుంది," అంది.

వదిన గుండెలు బాదుకుంది. "అయితే మేస్త్రీని నేనే చంపానా?"

"నువ్వు కాదే పిచ్చిదానా! మందు సర్కారు గోదాంలో మూలుగుతోంది. ఇచ్చే చోటు లేదని వాళ్ళు ఇవ్వరు. ఆ చోటుకు తాళం వేసినవాడు చంపాడు."

"తాళం ముట్టుకుంటే ఉన్న పని కూడా పోతుంది. పిల్లలు గలవాణ్ణి," అన్నాడు నూలు వడికే పెద్దాయన.

"పిల్లలు గలవాళ్ళం కాబట్టే బాబాయ్!" వదిన కళ్ళు తుడుచుకుని లేచింది. "చావును పంచుకున్నాం. దెబ్బలు పంచుకోలేమా?"

తెల్లారి మగ్గాలు ఆగిపోయాయి. సుత్తితో తాళం పగలగొట్టింది ఆ పెద్దాయనే. అట్టపెట్టెలు వాకిట్లోకి ఎగిరిపడ్డాయి. కొందరం సిస్టరమ్మ వెంట వెళ్ళి గోదాం ముందు బైఠాయించాం. చోటు లేదన్నారుగా, చోటుంది, ఇవ్వండి! పొద్దు వాలేలోగా మందు పెట్టె మా భుజాల మీద వచ్చింది. దాని వెనకే పోలీసు వ్యానూ వచ్చింది.

పోలీసులు ముందు వదిననే పిలిచారు.

"వస్తా. మందు మింగి వస్తా," అంది.

ఇన్‌స్పెక్టరు లాఠీ ఎత్తాడు. రోగుల లైను చుట్టూ చేతులు పెనవేసుకుని నిలబడ్డాం. దెబ్బలు మా వీపుల మీద పడ్డాయి. సిస్టరమ్మ చేతిలోంచి ఒక్క మాత్ర నేల పాలు కాలేదు. ఆఖరి మనిషి మింగాకే వదిన వ్యాను ఎక్కింది.

"రేపు నేను లేకపోయినా లైను ఉండాలి!" అని లోపలి నుంచి అరిచింది.

మర్నాడు లైను ఉంది. అందులో పక్క మిల్లువాళ్ళూ ఉన్నారు.

"మా ఆస్పత్రికీ తాళమే. మీ సుత్తి ఓసారి ఇస్తారా?" అని అడిగారు.

పెద్దాయన ఇవ్వలేదు. సుత్తి భుజాన వేసుకుని తానే బయల్దేరాడు. వెనకే మేమంతా నడిచాం.