పడవ పాటలో జాకెట్టు

"ఇంకో రెండు ఎక్కించి పడెయ్యవే, మాటిమాటికీ నిన్ను కేకెయ్యక్కర్లేదు," అన్నాడు త్రిమూర్తులు, దారం ఎక్కించిన సూదుల్ని చొక్కా కాలరుకి గుచ్చుకుంటూ. మంగాయమ్మ గుమ్మంలో కూర్చుని దారం కొస నోటితో తడిచేసి, వెలుతురు వైపు తిరిగి ఎక్కిస్తోంది. కొత్తపేట బజారులో ఆడవాళ్ళ జాకెట్లకి ముప్పై ఏళ్ళుగా పేరున్న మనిషికి సూదిబెజ్జం ఆనడం లేదన్న సంగతి ఈ భూప్రపంచంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు.

రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. పాలు తాగి కడగని గ్లాసులోంచి చూసినట్టు ఉంటుంది ఆయనకి లోకమంతా. ఆపరేషను మాటెత్తితే, "కంట్లో కత్తి పెడతారంటే!" అని ముడుచుకుపోతాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కత్తెర పట్టినవాడికి కత్తంటే అంత భయం. అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. బస్టాండు దగ్గర పోలిరాజని ఓ కుర్ర టైలరు నిలువుటద్దం పెట్టి మరీ కొట్టు తెరిచాడు. మూర్తులికి చూపు పోయిందట అని ఒక్క మాట పొక్కితే చాలు, ఊళ్ళో జాకెట్లన్నీ నడుచుకుంటూ అక్కడికి వెళ్ళిపోతాయి. అందుకే ఆయన మిషను తొక్కుతుంటే ఆవిడ పక్కన చేరి, "కుడికి పోతోందండీ... ఆఁ, ఇప్పుడు సరిపోయింది," అంటూ ఉంటుంది. ఎవరైనా వస్తే చాటలో బియ్యం ఏరుతున్నట్టు తల దించుకుంటుంది.

ఆ ఊరి హాలుకొచ్చిన సినిమా ఒక్కటి కూడా త్రిమూర్తులు వదిలిపెట్టలేదు. చూసింది మాత్రం జాకెట్లే. కథేమిటయ్యా అని అడిగితే, "మొదటి సగం బుట్టచేతులండీ, రెండో సగం మోచేతి చేతులు. ఆఖర్న తెల్లచీర కట్టించేసేరు, ఇంక చూడ్డానికేముంది!" అనేవాడు. మంగాయమ్మది వేరే తీరు. నచ్చిన సినిమాకి మూడుసార్లు వెళ్ళాల్సిందే. మొదటిసారి కథ కోసం, రెండోసారి ఏడవడానికి, మూడోసారి మొన్న ఏడ్చినచోట మళ్ళీ ఏడుపొస్తుందో లేదో చూసుకోడానికి. పోయిన నెలలో వచ్చిన అడవి సినిమా గురించి ఆవిడ తీర్పు ఒక్క ముక్కలో తేలిపోయింది. "పులి బాగా చేసింది. హీరోకే చేతకాలేదు." ఆయన మగవాళ్ళ బెంచీ మీదా, ఆవిడ అడ్డగోడ ఇవతల ఆడవాళ్ళ బెంచీ మీదా కూర్చునేవాళ్ళు. ఇంటికొచ్చి మాట్లాడుకుంటే ఇద్దరూ చూసింది ఒకే సినిమా అని ఎవరూ అనుకోరు.

ఆ పొద్దున్న మత్తయిగారి అమ్మాయి కృపావతి వచ్చింది. రాజోలు స్కూల్లో టీచరుద్యోగం వచ్చింది పిల్లకి. చేతిలో బండారులంక నేతచీర, జాకెట్టు గుడ్డ.

"రేపే వెళ్ళి చేరాలండి బాబాయిగారూ. మన హాల్లో ఆడుతున్న సినిమాలో, పడవ పాటలో జాకెట్టు ఉంది చూడండి, అచ్చం అలాగే కావాలండి. మీరు చూసే ఉంటారు కదండీ?"

"ఆయ్, చూడకపోడమేటండీ! పొద్దున్నే వచ్చి పట్టుకెళ్ళండి టీచరమ్మగారూ," అన్నాడు త్రిమూర్తులు దర్జాగా. చూశాడు, నిజమే. ఆ పడవలో ఆయనకి కనపడిందల్లా ఓ ఎర్రటి మబ్బు, దాని పక్కన ఓ తెల్లటి మబ్బు.

పిల్ల వీధి మలుపు తిరగ్గానే ఆయన మొహం వాడిపోయింది. "అలా కాదని పోలిరాజు దగ్గరికి పట్టుకెళ్తే అయిపోయేమే. గుట్టు కాస్తా రట్టవుతుంది."

"ఆ సినిమా ఇవాళే ఆఖరు. మ్యాటినీకి పోదాం పదండి. నేను చూసి చెప్తాను," అంది మంగాయమ్మ. పాత సినిమా మళ్ళీ వేస్తే అమలాపురందాకా పోయి రెండుసార్లు చూసొచ్చిన ఆవిడ, ఊళ్ళో ఆడుతున్న ఈ సినిమాకి ఇంకా వెళ్ళలేదు.

ఆలుమగలు పక్కపక్కన కూర్చోవాలంటే కుర్చీ టిక్కెట్టే గతి. జన్మలో మొదటిసారి మంగాయమ్మ సినిమాహాల్లో వీపు ఆన్చుకుని కూర్చుంది. "ఏవండోయ్, దీనికి చేతులు కూడా ఉన్నాయండోయ్!" అని మురిసిపోయింది.

పడవ పాట వచ్చింది. దుర్మార్గులు పడవ అడుగున చిల్లు పెట్టేశారు. ఆ సంగతి తెలీక ఇద్దరూ పాడుకుంటున్నారు. నీళ్ళు సన్నగా ఊరుతున్నాయి.

"చెయ్యెలా ఉందే?" అన్నాడు త్రిమూర్తులు గుసగుసగా.

"పట్టుకున్నాడండీ."

"అది కాదే, జాకెట్టు చెయ్యి!"

"జాకెట్టు గోదాట్లో కలవా, చీలమండదాకా వచ్చేసేయండీ నీళ్ళు! అయ్యో, చూసుకోరేటర్రా!"

ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. పాట అయిపోయింది, పడవా మునిగింది. అప్పుడు గుర్తొచ్చింది మంగాయమ్మకి, తను నీళ్ళు తప్ప ఏమీ చూడలేదని.

"చెప్పవే," అన్నాడు ఆయన.

ఆవిడ గొంతు సవరించుకుంది. "చెయ్యి మోచేతిదాకా ఉందండీ. చివర సన్నగా పట్టీ. పట్టీ పైన చిన్నచిన్న కుచ్చిళ్ళు. వెనక మెడ గుండ్రం, లోతు కాదు. కింద చిన్న ముడి." ఒకదాని వెనక ఒకటి తడుముకోకుండా వచ్చేశాయి. పెళ్ళికి ముందు నుంచీ మనసులో కుట్టుకుంటున్న జాకెట్టు అది. ఊరందరికీ కుట్టేవాణ్ణి కట్టుకుని, ఇలాంటిదొకటి కుట్టిపెట్టండని ఏనాడూ అడగలేదు. ఆయనకి తీరికేదీ!

"ముడికి కుచ్చులున్నాయా?"

"ఉన్నాయండీ."

ఆయన తలూపి, వేలితో మోకాలి మీద ఆ ముడి గీసుకున్నాడు. తర్వాత, "సర్లే. ఇంతకీ వాళ్ళు మునిగిపోయేరా, ఒడ్డున పడ్డారా?" అన్నాడు. ముప్పై ఏళ్ళలో సినిమా కథ ఆయన అడగడం అదే మొదలు. ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు. తల్లి చచ్చిపోయే సీనులో భుజం మీది తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. "కళ్ళు మండుతున్నాయే," అన్నాడు. ఆవిడ నమ్మలేదు.

మర్నాడు కృపావతి లోపలి గదిలో జాకెట్టు తొడుక్కుని బయటికొచ్చి, చెయ్యి పైకెత్తి చూసుకుంది. "బాబాయిగారూ, సినిమాలో ఇలా లేదండీ."

మంగాయమ్మ చాటలో బియ్యంలోకి తల దించేసుకుంది. అయిపోయింది, కొంప ముంచాను అనుకుంది.

"ఆయ్, లేదండి," అన్నాడు త్రిమూర్తులు తాపీగా. "అలాంటిది వేసుకుని క్లాసులోకెళ్తే పిల్లలు పాఠం వింటారేటండీ? ఇది మీకోసం ఆలోచించి కుట్టేనండి."

కృపావతి గోడకున్న చేతి అద్దంలో ఇటు తిరిగీ అటు తిరిగీ చూసుకుంది. మెల్లిగా మొహం విప్పారింది. "ఇదే బాగుందండి," అంది, అదే జాకెట్టుతో రాజోలు బస్సెక్కేసింది. పదిహేను రోజులకి ఆ స్కూలు టీచర్లు ముగ్గురు గుడ్డలు పట్టుకుని కొత్తపేట వచ్చేశారు. ఏ సినిమాలోదండీ ఇది అని అడిగితే, ఇంకా రాలేదండి అన్నాడు త్రిమూర్తులు.

"నేను చూళ్ళేదని మీకెలా తెలిసిందండీ?" అని కృపావతి బస్సెక్కిన రాత్రే అన్నం వడ్డిస్తూ అడిగింది మంగాయమ్మ.

"చూసినోళ్ళు ముందు రంగు చెప్తారే. నువ్వు రంగు చెప్పలేదు," అన్నాడు. ఆ జాకెట్టు ఎక్కడిదని మాత్రం అడగలేదు.

ఆ తర్వాత వాళ్ళు కుర్చీల్లోనే కూర్చునేవాళ్ళు. పాత సినిమాలు మళ్ళీ వేస్తే పరుగున వెళ్ళేవాళ్ళు. ఆవిడ చెబుతుంటే, "ఓరి నీ ఇల్లు బంగారంగానూ, ఇందులో ఇద్దరన్నదమ్ములా! నేను ఒకడే అనుకున్నానే!" అని ఆయన ఆశ్చర్యపోయేవాడు. చూపు సంగతి ఎవరికీ తెలియలేదు. ఆయన కుట్టే ప్రతి కుట్టు వెంటా ఆవిడ కళ్ళు ఉండేవి.

మూడో ఏడు ఎండాకాలంలో, భోంచేసి నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. మంగాయమ్మకి ముందు కోపం వచ్చింది, మ్యాటినీకి వెళ్దామని చెప్పి ఇలా పడుకుండిపోతారా అని. ఏడుపు తర్వాత వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక కొట్టు సర్దుతుంటే గుడ్డల అడుగున కాగితంలో చుట్టిన జాకెట్టొకటి దొరికింది. మోచేతి చేతులు, సన్న పట్టీ, వెనక ముడికి కుచ్చులు. ఎప్పుడు కొలిచాడో ఏమో, సరిగ్గా ఆవిడ కొలత. ఆవిడ కళ్ళ సాయం లేకుండా ఆయన కుట్టింది అదొక్కటే. కుట్లు బాతు నడకలా అటోసారి ఇటోసారి పోయాయి. కాజాలన్నీ అయ్యాయి గానీ హుక్కులు ఇంకా కుట్టలేదు.