గాల్లో ఆగిన బీము

పిలుపు వినబడింది. అది అతని గొంతు కాదు.

కానీ చేతులకు ఆ సంగతి తెలియలేదు. తాడు పనివాళ్ల చేతులు అంతే. "వదులు... హైలెస్స!" అని చెవిన పడిందా, ఇక మెదడును అడగవు. పట్టు సడలుతుంది, తాడు మూరెడు జారుతుంది, మళ్లీ బిగుస్తుంది. ఏళ్ల తరబడి ఒకే గొంతు వెంట నడిచిన చేతులవి. ఆ గొంతు పక్కనే నిలబడి, రాగంతో సహా పిలుపును నేర్చేసుకున్నాడు సూపర్‌వైజరు. ఆ మధ్యాహ్నం అతను అరిచింది అచ్చం అలాగే ఉంది.

తాడు జారింది. పైనుంచి ఇనుప బీము దిగింది. దాని దారిలో, గ్యాలరీ కమ్మీల దగ్గర, పిట్ట అనే కుర్రాడి కాలు ఉంది.

"పట్టు! ఎత్తు!" అసలు గొంతు అప్పుడు లేచింది. తాడు బిగుసుకుంది. బీము జానెడు పైకి లేచి, పక్కకు ఊగి, బాస్కెట్‌బాల్ కోర్టు నడిమధ్యకు వచ్చి గాల్లో ఆగిపోయింది. ఆడవాళ్లు తట్టలు పారేసి గ్యాలరీ మెట్ల మీదికి ఉరికారు. పిట్టను చేతుల మీద కిందికి దించుతుంటే, సూపర్‌వైజరు నోట వచ్చిన మొదటి మాట ఇది:

"ఫ్లోరు! ఫ్లోరు చూసుకోండి! రక్తం కారుతోంది, కింద గుడ్డ వేయండి!"

ఆ మాట అందరూ విన్నారు. మోస్తున్నవాళ్లు విన్నారు, తలుపు దగ్గర చంకలో బంతితో నిలబడ్డ కాలేజీ జట్టు కెప్టెన్ పిల్ల వింది, నొప్పికి పళ్లు కరిచిన పిట్ట కూడా విన్నాడు.

ఆ ఫ్లోరు కథ చెప్పాలి. ఆ బాస్కెట్‌బాల్ హాలు కాలేజీ అంత పాతది. కప్పు తుప్పు పట్టి, వాన పడితే ఆటగాళ్లు బంతి కంటే ముందు బకెట్లు పట్టుకునేవాళ్లు. గ్యాలరీ బల్లల మీద తరతరాల పిల్లల గీతలు. స్కోరు బోర్డులో సగం బల్బులు గుడ్డివి. దాన్ని బాగుచేసే పని పుచ్చుకున్న కాంట్రాక్టరు ముందు కప్పు మార్చాలి, తర్వాత నేల వేయాలి. ఆ పెద్దమనిషి గోడ లేవకముందే సున్నం కొట్టే రకం. ఫోటోల్లో మెరిసేది నేలే కదా! కాబట్టి కొత్త చెక్క ఫ్లోరు ముందే వేయించి, అద్దంలా పాలిష్ పెట్టించాడు. ఇప్పుడు పై బీములు దించాలంటే లోపలికి క్రేను రాకూడదు, ఫ్లోరు పగులుతుంది. మనుషులైతే పగిలినా ఫరవాలేదు. అందుకే తాడు పనివాళ్లు వచ్చారు.

ఆ రోజు కాలేజీ కమిటీవాళ్లు నేల చూడటానికి వస్తున్నారు. వాళ్లు వచ్చేలోగా బీము దిగిపోవాలని సూపర్‌వైజరుకు తొందర. పిట్ట ఇంకా పక్కతాడు సరిచేస్తున్నాడు. అతను చెయ్యెత్తితే తప్ప పిలుపు రాదు. అది రివాజు. చెయ్యి లేవలేదు, పిలుపు మాత్రం వచ్చింది.

పిలుపు ఇచ్చే మనిషిని అందరూ గొంతన్న అంటారు. పని మీద తప్ప నోరు తెరవని మనిషికి ఆ పేరు ఎలా అంటిందో ఆయన భార్యనే అడగాలి. "ఇంట్లో ఉప్పు కావాలన్నా వేలు చూపిస్తాడు, అక్కడ మాత్రం కప్పు లేచిపోయేలా అరుస్తాడు" అంటుంది. పిట్ట ఆమె తమ్ముడు. ఎంత ఎత్తయినా ఎక్కేస్తాడని పిట్ట. బావా బావమరుదుల మధ్య మాటలన్నీ పిట్టవే. "బావా, నువ్వు మాట్లాడకు, అరిగిపోతావు" అనేవాడు.

పిట్టను బండిలో ఎక్కించి పంపాక, జట్టులో అందరికంటే పెద్దవాడైన ముసలాయన తాడు కొస దగ్గరికి వెళ్లాడు. గోడలో బిగించిన ఇనుప కడియానికి తాడును చుట్టాడు. పిట్ట చొక్కాలోంచి చించిన నెత్తుటి పేలికను ఆ చుట్టులో పెట్టి ముడి బిగించాడు.

"ఏంటిది?" అన్నాడు సూపర్‌వైజరు. ఆ హాలు మొత్తంలో నెత్తిన పసుపు టోపీ ఉన్నది అతనొక్కడికే, అందుకే అతని పేరు టోపీ. "బీము దించండి ముందు!"

"దెబ్బ ముడి బాబూ" అన్నాడు ముసలాయన. "తాడు కింద మనిషికి దెబ్బ తగిలితే వేసే ముడి. దెబ్బకు న్యాయం తేలాలి. ఆ తర్వాత దెబ్బ తిన్నవాడే వచ్చి విప్పాలి, లేదా వాడి మాట రావాలి. అప్పటిదాకా ఈ తాడు మీద ఎవరికీ హక్కు లేదు. తాడు పట్టినవాడు ఎక్కడివాడైనా దీన్ని ముట్టడు."

కమిటీవాళ్లు వచ్చి, మెరిసే నేల చూసి, తల పైకెత్తి బీమును చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయారు.

సాయంత్రానికి కాంట్రాక్టరు గొంతన్నను రేకుల ఆఫీసులోకి పిలిపించాడు. కుర్చీ చూపించాడు. ఆ కుర్చీలో ఇంతవరకూ పనివాడు కూర్చున్నది లేదు. గొంతన్న నిలబడే ఉన్నాడు.

"మనిషన్నాక పొరపాటు చేస్తాడు" అన్నాడు కాంట్రాక్టరు మెత్తగా. "పిలుపు ఇచ్చేది నువ్వేనని ఊరందరికీ తెలుసు. గొంతు జారిందని ఒక్క మాట చెప్పు. కుర్రాడి ఆస్పత్రి సంగతి నేను చూసుకుంటాను. మీ జట్టు పనీ ఎక్కడికీ పోదు. కాదు, టోపీ అరిచాడంటావా, ఆస్పత్రికీ నాకూ సంబంధం లేదు. తాగి పైకెక్కాడని రాయిస్తాను. ఆలోచించుకో."

గొంతన్న బయటికి వచ్చాడు. కక్కలేడు, మింగలేడు. ఔనంటే పిట్టకు వైద్యం అందుతుంది. కానీ పిలుపు తప్పిన గొంతు వెనక మళ్లీ ఎవరూ తాడు పట్టరు. పిట్ట కాలు మీద పడ్డ బీము జీవితాంతం ఆయన పేరు మీద ఉంటుంది. కాదంటే? ఆస్పత్రి వరండాలో భార్య ఎదురుచూస్తోంది.

ఆమెకు చెప్పాడు. నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"కాలు ఉంటుందో తీసేస్తారో రేపు చెబుతారట" అంది ఆమె. "వాడేమన్నాడో తెలుసా? 'అక్కా, బావ పిలవలేదు. బావ పిలవలేదని అందరికీ చెప్పు' అన్నాడు. మత్తులో కూడా అదే మాట. నా తమ్ముడి కాలు వాళ్లు తీసుకున్నారు. నీ నోరు కూడా వాళ్లకే ఇచ్చి వస్తావా?"

"మరి వైద్యం?"

"నాకు తెలియదయ్యా. తెలియనప్పుడు నలుగురినీ అడగాలి. నువ్వొక్కడివే తల పట్టుకుని తిరిగితే తాడు కదులుతుందా?"

మర్నాడు పొద్దున్నే హాలు గ్యాలరీలో కూర్చున్నారు. ఒక పక్క తాడు పనివాళ్లు, తట్టలు మోసే ఆడవాళ్లు. రెండో పక్క కాలేజీ పిల్లలు. మధ్యలో, తలల మీద, బీము. ఎవరు ఏం మాట్లాడినా మధ్యలో ఒకసారి పైకి చూడకుండా ఉండలేకపోయారు.

"పోటీలు దగ్గర పడ్డాయి" అన్నాడు పొడుగాటి ఆటగాడొకడు. "బండ్లు పెట్టే చోట తారు మీద ఆడి మోకాళ్లు చీరుకుపోయాయి మాకు. మీ గొడవ మీరూ కాంట్రాక్టరూ చూసుకోండి. హాలు మాత్రం ఆపొద్దు."

"కాకికేం తెలుసు ఎద్దు పుండు నొప్పి!" అంది తట్ట మోసే ఒకావిడ. "మోకాలు చీరుకుపోతేనే ఇంత ఏడుస్తున్నావే నాయనా, మావాడికి మోకాలే ఉంటుందో లేదో!"

"అరవకే. వాళ్లూ పిల్లలే" అన్నాడు ముసలాయన.

"ఆ టోపీని నాలుగు తన్నితే సరి!" అని వెనకనుంచి ఒకడు లేచాడు.

గొంతన్న నోరు విప్పాడు. జట్టంతా ఒక్కసారి తిరిగి చూసింది. మామూలు మాటకు ఆ గొంతు వాళ్లకు అలవాటు లేదు.

"టోపీని తంతే టోపీ పోతుంది. ఇంకో టోపీ వస్తుంది. వాణ్ణి తొందర పెట్టింది ఎవరు? క్రేను రాకుండా నేల ముందు వేసింది ఎవరు? కింద వల కట్టమని అడిగితే నేల మీద నీడ పడుతుంది, ఫోటోలు బాగా రావు అన్నది ఎవరు? టోపీ కూడా జీతగాడే. మనల్ని తిట్టడానికి వాడికి జీతం ఇస్తున్నారు."

"అయితే ఏం చేద్దాం? పని మానితే పొయ్యి మీద పిల్లి పడుకుంటుంది" అన్నాడొకడు.

"పని చేస్తే మన మీద బీములు పడుకుంటాయి" అంది గొంతన్న భార్య.

నవ్వు పుట్టింది. చేదు నవ్వే, కానీ రెండు పక్కలా పుట్టింది.

అప్పటిదాకా కెప్టెన్ పిల్ల ఒక మూల నిలబడి బంతిని నేలకు కొడుతూనే ఉంది. టప్, టప్, టప్. ఎవరు ఆపమన్నా ఆగలేదు. ఇప్పుడు ఆగింది.

"నేను చూశాను" అంది.

తలలన్నీ ఆ మూలకు తిరిగాయి.

"తలుపు దగ్గర ఉన్నాను. పిలిచింది ఈ అన్న కాదు. ఆ టోపీ ఆయన. నిన్ననే ప్రిన్సిపాలు గారికి చెప్పాను. చూసింది చూడనట్టుంటే జట్టులో ఉంటావు, లేకపోతే లేదు అన్నారు. రాత్రంతా... నాకు కెప్టెన్ అవ్వాలని చిన్నప్పటినుంచీ..." మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "ఆ ఫ్లోరు మాకోసమే అంటున్నారు. మనిషి రక్తం కంటే దాని పాలిష్ ఎక్కువైతే, దాని మీద నేను ఎలా ఆడతాను? పడినప్పుడల్లా ఆ గుడ్డే గుర్తొస్తుంది."

పొడుగాటి ఆటగాడు తల దించుకున్నాడు. తట్ట మోసే ఆవిడ లేచి వెళ్లి ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వేసింది. "ఏడవకు పాపా. నీ బంతి ఎక్కడికీ పోదు."

ఆ తర్వాత వాదన ఇంకా జరిగింది, గట్టిగానే జరిగింది. ఇద్దరు తాడు పనివాళ్లు లేచి వెళ్లిపోయారు. కాసేపటికి ఒకడు తిరిగొచ్చాడు. చివరికి తేలింది ఇది: పిట్ట వైద్యం కాంట్రాక్టరే చేయించాలి, తప్పు తనదని ఒప్పుకుని చేయించాలి. కింద వల కట్టాలి. తలకు టోపీ ఉంటే అందరికీ ఉండాలి. పిలుపు జట్టు మనిషిదే. అంతవరకూ బీము అక్కడే ఉంటుంది, మనమూ ఇక్కడే ఉంటాం.

కాంట్రాక్టరు ఊరుకుంటాడా? మర్నాడు ఇంకో ఊరినుంచి కొత్త తాడు జట్టును లారీలో దింపాడు. వాళ్ల వెనక జీపులో పోలీసులు. గ్యాలరీలో కూర్చున్నవాళ్లు కదల్లేదు. పిల్లలు చేతులు చేతులు పట్టుకుని మెట్లకు అడ్డంగా నిలబడ్డారు.

కొత్త జట్టు పెద్ద, మెడలో తువ్వాలున్న మనిషి, చేతులు రుద్దుకుంటూ తాడు దగ్గరికి వెళ్లాడు. కడియం దగ్గర ఆగాడు. పేలికను చూశాడు. రుద్దుకుంటున్న చేతులు ఆగిపోయాయి.

"ఎవరిదీ ముడి?" అన్నాడు.

"నా తమ్ముడిది" అంది గొంతన్న భార్య.

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు. కాలు తీసేశారు."

ఆ మనిషి తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తన జట్టు వైపు తిరిగాడు. "పదండిరా. కూర్చోండి." వాళ్లు వెళ్లి గ్యాలరీలో ఆడవాళ్ల పక్కన కూర్చున్నారు.

"ఏమయ్యా, నిన్ను కూర్చోవడానికి తెచ్చానా?" కాంట్రాక్టరు ఊగిపోయాడు.

"దెబ్బ ముడి ఉందని చెప్పలేదు సార్ తమరు. చెబితే లారీ ఎక్కేవాళ్లమే కాదు."

"ముడి అంట, ముడి! నేనే కోస్తాను!" కత్తి లాక్కుని కాంట్రాక్టరు కోర్టుకు అడ్డంపడి కడియం వైపు పరుగెత్తాడు. సగం దారిలో ఎందుకో తల పైకెత్తాడు. సరిగ్గా నెత్తిన బీము. ఆగిపోయాడు. వెనక వస్తున్న పోలీసు పెద్ద కూడా పైకి చూసి, మర్యాదగా రెండడుగులు పక్కకు జరిగాడు.

"కోయండి సార్, కోయండి!" తట్ట మోసే ఆవిడ అరిచింది. "మీ ఫ్లోరుకు గుడ్డ మేం వేస్తాం!"

హాలంతా నవ్వింది. ఆ నవ్వు పాత కప్పుకు తగిలి తిరిగొచ్చింది. కాంట్రాక్టరు ముఖం నల్లబడింది. కత్తి పారేసి వేలు చాపాడు.

"వీడే! పిలుపు ఇచ్చింది వీడే. వీడి నిర్లక్ష్యం వల్లే ఆ కుర్రాడి కాలు పోయింది. ఇక్కడ జనాన్ని రెచ్చగొడుతున్నదీ వీడే. తీసుకెళ్లండి!"

"అబద్ధం!" కెప్టెన్ పిల్ల ముందుకు దూకింది. "నేను సాక్షిని. నా పేరు రాసుకోండి!"

ఎవరూ రాసుకోలేదు. లాఠీలు మెట్ల వరసను చీల్చుకుంటూ వెళ్లాయి. పొడుగాటి ఆటగాడి భుజం మీద ఒకటి పడింది, ఆ పిల్లవాడు కదల్లేదు. గొంతన్న తనంతట తానే లేచి వచ్చాడు, పిల్లల మీద ఇంకో దెబ్బ పడకూడదని. చేతులు చాపాడు. బేడీలు పడ్డాయి.

"చివరగా అడుగుతున్నా" అన్నాడు కాంట్రాక్టరు చెవిలో. "గొంతు జారిందని చెప్పు. ఇప్పుడే విడిపిస్తాను."

గొంతన్న అతని వంక చూశాడు. తర్వాత హాలు మొత్తానికి వినబడేలా, బీములు దించే ఆ పెద్ద గొంతుతో అన్నాడు: "నేను పిలవలేదు!"

తోసుకుంటూ బయటికి తీసుకెళ్లారు. జీపు వెనక కూర్చోబెట్టారు. ఇంజను మొదలైంది. ఆయనకు స్థిమితం లేదు. ఇప్పుడు లోపల జట్టుకు గొంతు లేదు. పిలుపు లేని జట్టు చెదిరిపోతుంది. సాయంత్రానికి ఒకరొకరే జారుకుంటే? టోపీ మళ్లీ అరిస్తే? ఆ చేతులు మళ్లీ మోసపోతే?

అప్పుడు హాల్లోంచి పిలుపు వినబడింది. అది అతని గొంతు కాదు.

"పట్టు... హైలెస్స!"

ఆడగొంతు. ఇంట్లో రోజూ తనను ఎత్తిపొడిచే గొంతు. కొంచెం వణికింది, రెండోసారికి వణకలేదు. "పట్టు!" దాని వెనక ముసలాయన గొంతు, కొత్త జట్టు గొంతులు, ఇంకా రాగం కుదరని పిల్లల గొంతులు. "హైలెస్స!" పాత కప్పు అదిరింది.

జీపు కదిలింది. గొంతన్న చేతులకు బేడీలున్నాయి. ఆ చేతుల్లో తాడు లేదు. అయినా పిలుపు చెవిన పడగానే, మెదడును అడక్కుండా, వేళ్లు బిగుసుకున్నాయి.